చిల్లపెంకులను చదివిన నంపేయో

పగిలిన కుండపెంకునకు లోకమున విలువ లేదు. పిల్లలు తొక్కుడుబిళ్ల యాడుటకు దానిని ఏరుకొందురు. ఆట ముగియగనే వీథిలో పారవైతురు. అట్టి చిల్లపెంకులను ఏరి తెచ్చుకొని, వానిపైనున్న గీతలను పాఠమువలె చదివి, వందల యేండ్ల క్రిందట చల్లారిపోయిన ఒక విద్యను మరల వెలిగించిన స్త్రీ యొకతె కలదు. ఆమె పేరు నంపేయో. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఆరిజోనా ఎడారిసీమలో పుట్టి, అచ్చటనే 1942వ సంవత్సరమున కన్నుమూసెను. ఆమెకు చదువను వ్రాయను రాదు. అయినను నేడు ఆమె చేతికుండలు పెద్ద పెద్ద వస్తుప్రదర్శనశాలలలో అద్దపు బీరువాలయందు భద్రముగా నున్నవి.

ఆమె చరితమును మన పత్రికలో వ్రాయుటకు మాకొక కారణము కలదు. కుండలు చేసిన కీర్తి యొకటి యుండగా, ఆమె పుట్టిన గ్రామము కథ మరియొకటి. మనవలెనే పరభాష నడుమ నివసించుచు స్వభాషను నిలుపుకొన్న చిన్న సమూహమున ఆమె జన్మించెను. ఈ రెండు కథలను కలిపి చదివినగాని ఆమె జీవితము మనకు బోధపడదు.

ముందుగా ఆ దేశమును గూర్చి కొంత తెలిసికొందము. ఆరిజోనా రాష్ట్రపు ఈశాన్యభాగము ఎత్తైన పీఠభూమి. సముద్రమట్టమునకు సుమారు 6,000 అడుగుల ఎత్తున నున్నది. ఏటికి సుమారు పది అంగుళముల వాన పడును. జీవనది లేదు. అచ్చట ఒక మహాపీఠమునుండి మూడు కొండకొనలు చేతివ్రేళ్లవలె దక్షిణమునకు చాచుకొని యున్నవి. వాని పైభాగము చదును, అంచులు నిట్టనిలువు. స్పానిష్ వారు ఇట్టి కొండలకు మేసాలని పేరిడిరి. మేసా యనగా వారి భాషలో బల్ల. ఆ మూడు బల్లకొండలపైనను, వాని పాదములయందును హోపీలను మూలవాసులు రాతియిండ్లు కట్టుకొని నివసింతురు.

నీరు లేని చోట వారు సేద్య మెట్లు చేయుదురని మన పిల్లలు అడుగవచ్చును. వారు కొయ్యగుణపముతో ఇసుకనేలను జానెడునకు మించిన లోతున పొడిచి, అందు మొక్కజొన్న విత్తనములను వేయుదురు. పై యిసుక యెండి పొడియైనను, చలికాలపు మంచు కరగిన తేమ అడుగున నిలిచియుండును. మొక్కకును మొక్కకును నడుమ విశాలముగ ఎడము విడుతురు. ఈ విధముగ వారి పూర్వులు వందల యేండ్లు జీవించిరి. హోపీల గ్రామములలో నొకటియైన ఒరైబి సుమారు 12వ శతాబ్దమునుండి జనము విడువని ఊరు. పాతయిండ్ల దూలములలోని వలయములను లెక్కించి, ఆ చెట్టు ఏ యేట కొట్టబడినదో నిర్ణయించు పద్ధతిని డగ్లస్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు 1929లో సంపూర్ణము గావించెను. దానివలన ఆ సీమయందలి శిథిలములకు వయస్సు చెప్పుట సాధ్యమయ్యెను.

అట్టి ప్రాచీన గ్రామములలో సిక్యాట్కి యొకటి. అది మొదటి బల్లకొండకు సమీపమున, 15వ శతాబ్దమున వర్ధిల్లెను. అచ్చటి మన్ను కాల్చకమునుపు బూడిదవన్నె. కాలిన పిదప తేనెవలె పసుపువన్నె. ఆ గ్రామపు స్త్రీలు రాక్షసిబొగ్గుతో తీవ్రమైన మంటబెట్టి కుండలు కాల్చుచుండిరి. ఆ కుండలపై పక్షులు, ఈకలు, సీతాకోకచిలుకలు, మేఘములు చిత్రింపబడినవి. పక్షిని పక్షివలె గీయక, రెక్కను ఒకచోట, తోకను ఒకచోట విడదీసి, వంపులుగను కోణములుగను కూర్చుట వారి నేర్పు. పొరుగున నున్న వాల్పి గ్రామమువారితో కలహము వచ్చి సిక్యాట్కి నాశనమయ్యెనని హోపీలు చెప్పుకొందురు. స్పానిష్ సైనికులు 1540లో హోపీసీమకు తొలిసారి వచ్చుసరికే ఆ యూరు పాడువడి యుండెను. ఇసుక దానిని కప్పివేసెను. గాలివాన వచ్చినపుడెల్ల కొన్ని రంగుపెంకులు మాత్రము పైకి తేలుచుండెను.

ఇక రెండవ కథ. ఆ సీమకు తూర్పున, నేటి న్యూ మెక్సికో రాష్ట్రమున, రియో గ్రాండే నదీతీరమున టేవా అను మూలవాసులు కలరు. వారి భాష వేరు, హోపీల భాష వేరు. రెండింటికిని చుట్టరికము లేదు. స్పానిష్ ప్రభుత్వపు నిర్బంధములను సహింపక అచ్చటి గ్రామములలో చాలభాగము 1680లో ఒక్కుమ్మడి తిరుగబడి వారిని తరిమివేసెను. పండ్రెండేండ్లకు స్పానిష్ వారు మరల వచ్చిరి. 1696లో జరిగిన రెండవ తిరుగుబాటు అణగద్రొక్కబడగా, టేవాలలో కొందరు వందల మైళ్లు పడమటికి నడచి హోపీసీమ చేరిరి. శత్రువులనుండి తమ్ము కాపాడుటకు హోపీపెద్దలే తమ్ము పిలిపించిరని టేవాలు చెప్పుదురు. మొదటి బల్లకొండపై, దారి కొండయెక్కు చోటనే వారికి నివాసస్థల మీయబడెను. అదియే హానో గ్రామము. కావలివారికి తగిన తావు.

హానోకును పక్కనున్న హోపీ గ్రామములకును నడుమ దూరము కొన్ని అడుగులే. పెండ్లిండ్లు జరిగెను, పండుగలు కలిసెను, పంటలు ఒక్కటే. కాని హానో ఇండ్లలో టేవాభాష నిలిచెను. దీనికొక గాథ కలదు. తమకు చేసిన వాగ్దానములను హోపీలు మొదట నెరవేర్చలేదని టేవాపెద్దలు నొచ్చుకొని, తమ భాషను ఒక గుంటలో ఉంచి మూసివేసిరట. నాటినుండి టేవాలు హోపీభాషను నేర్తురుగాని, హోపీలకు టేవాభాష పట్టుపడదట. గాథ యెట్లున్నను, జరిగినది మాత్రము అట్లే జరిగెను. హానోవారు ఇరుగుపొరుగు భాషలన్నియు నేర్చి దుబాసీలుగ పేరుపొందిరి. అయినను తమ భాషలో హోపీమాటలను చాల కొద్దిగా మాత్రమే చేరనిచ్చిరి. భాషాశాస్త్రజ్ఞులు నేటికిని దీనిని ఒక వింతగ చెప్పుకొందురు.

ఈ హానో గ్రామమున సుమారు 1859వ సంవత్సరమున నంపేయో పుట్టెను. తల్లి టేవా స్త్రీ, మొక్కజొన్న వంశమునకు చెందినది. తండ్రి వాల్పి గ్రామపు హోపీ, సర్పవంశజుడు. వారియందు వంశము తల్లివలన వచ్చును, ఇల్లు స్త్రీది, అల్లుడు అత్తవారింటికి వచ్చి యుండును. అందుచే నంపేయో టేవాపిల్లగనే పెరిగెను. తండ్రివంశమును బట్టి ఆమెకు సర్పకన్య యను పేరు పెట్టిరి. టేవాభాషలో అదియే నంపేయో. అన్నలలో నొకడైన టామ్ పొలాకా పలుభాషలు నేర్చిన దుబాసీ. కొండపాదమున నున్న పొలాకా గ్రామమునకు అతని పేరే వచ్చినది. 1875లో విలియం హెన్రీ జాక్సన్ అను ఛాయాగ్రాహకుడు ఆ యింటికి అతిథిగా వచ్చి, పదునాఱేండ్ల నంపేయో చిత్రమును తీసెను.

కుండలు చేయుట ఆమె తన తండ్రితల్లి కడ, వాల్పి గ్రామమున నేర్చుకొనెను. టేవాపిల్ల హోపీ అవ్వయొద్ద విద్య నేర్చుట ఆ కొండపై వింత గాదు. కాని ఆనాడు ఆ విద్యయే క్షీణదశలో నుండెను. అనావృష్టియు మశూచియు హోపీలను పీడింపగా, అనేకులు దూరమున నున్న జూనీ గ్రామమునకు పోయి తలదాచుకొని వచ్చిరి. వచ్చునపుడు అచ్చటి చిత్రరీతులు తెచ్చుకొనిరి. కుండపై తెల్లని సుద్దపూత పూసి, దానిమీద బొమ్మలు వ్రాయుచుండిరి. ఆ పూత కాల్పునందు సన్నని బీటలు వాఱుచుండెను. రాక్షసిబొగ్గుతో కాల్చుట ఏనాడో మానిపోయెను. ఇంతలో థామస్ కీమ్ అను వర్తకుడు సమీపమున అంగడి పెట్టెను. అంగడితోపాటు రేకుగిన్నెలును బకెట్లును వచ్చెను. రేకుబకెట్టు పగులదు, నీరు మోయుటకు తేలిక. ఇక కుండ యెవరికి కావలెను? ఒక తరము గడచిన ఆ విద్య మాసిపోవలసినదే.

నంపేయో ఈ సమయముననే పాతపెంకులవంక చూచెను. సిక్యాట్కి మొదలగు పాడూళ్ల చుట్టును పడియున్న పెంకులను అనేకులు చూచిరి, చూచి నడచిపోయిరి. ఆమె వంగి యెత్తుకొనెను. వేలెడు పెంకుపైనున్న వంపు ఎచ్చట మొదలై యెచ్చట ముగిసియుండునో ఊహించెను. అంచుముక్కను బట్టి కుండ మూతి యెంతయో, భుజముముక్కను బట్టి దాని కడుపెంతయో గ్రహించెను. ప్రాచీన కళాఖండములను సేకరించు కీమ్ వర్తకుడు పాతరీతి కుండలకు గిరాకి కలిగించెను. సుమారు 1881లో ఆమెను వివాహమాడిన లెస్సో అను వాల్పి యువకుడు ఆమెకు తోడునీడయై, శిథిలములకడకు వెంట పోయి, నమూనాలను గీసి తెచ్చుటలో సహాయపడెను.

1895లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అను పురావస్తుశాస్త్రజ్ఞుడు సిక్యాట్కిని త్రవ్వించెను. శ్మశానములనుండి వందలకొలది పాత్రలు చెక్కుచెదరక వెలువడెను. అవి వాషింగ్టను నగరమునకు తరలింపబడెను. లెస్సో ఆ త్రవ్వకములలో కూలివాడై, వెలువడిన కుండలను గూర్చి భార్యకు చెప్పగా, ఆమె నాటినుండియే పాతరీతిని చేపట్టెనని చాలకాలము పుస్తకములలో వ్రాయబడెను. ఈ కథ సరికాదని తరువాతి పరిశోధకులు చూపిరి. 1895కు పూర్వమే పాతరీతి కుండలు మొదటి బల్లకొండపై తయారగుచుండెను. నంపేయో అప్పటికే నేర్పరి. త్రవ్వకములు ఆమెకు మరికొన్ని నిండుకుండలను కన్నులార చూచు నవకాశము నిచ్చెను. అంతియేగాని, దొరలు త్రవ్వి చూపువరకు ఆమెకేమియు తెలియదనుట న్యాయము గాదు. ఆమె కుండలు ఎంత చక్కగ కుదిరెననగా, వానిని ప్రాచీనములని చెప్పి ఎవరైన అమ్ముదురేమో యని ఫ్యూక్స్ దొరయే కలత చెందెను. శిష్యురాలికి ఇంతకంటె యోగ్యతాపత్రము వేఱొకటి యుండునా?

ఆ 1895వ సంవత్సరమును గూర్చి తల్లిదండ్రులు తెలిసికొనదగిన మరియొక సంగతి కలదు. అప్పటికి ప్రభుత్వము హోపీసీమలో వసతిపాఠశాల పెట్టియుండెను. పిల్లలను అందు చేర్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, మాతృభాష మాటలాడరాదని శాసించుచుండిరి. తమ పిల్లలను పంపమనియు, తమ సేద్యపద్ధతిని మార్చమనియు ఒరైబి గ్రామపు పెద్దలు కొందరు ఎదిరించిరి. వారిలో 19 మందిని 1895 జనవరిలో సముద్రము నడుమ నున్న ఆల్కట్రాజ్ ద్వీపపు చెఱలో బెట్టిరి. నెలల తరబడి వారచ్చట నుండిరి. ఒకవైపు చనిపోయిన హోపీల పాత్రలను ఎంతో ప్రేమతో దూదిలో చుట్టి పెట్టెలలో పంపుచుండిరి. మరియొకవైపు బ్రతికియున్న హోపీల నోట మాటను ఆపుచుండిరి. రెండును ఒకే ప్రభుత్వపు చేతులు. ఇది మనము మరువరాదు.

నంపేయో కుండచేయు విధమును మన పిల్లలు వినవలెను. మన కుమ్మరులవలె సారె త్రిప్పుట ఆ దేశమున లేదు. తెచ్చిన మన్నును నానబెట్టి, రాళ్లు ఏరి, పిసికి మెత్తపరచును. అడుగుభాగమును చేతితో తీర్చి, పిదప మన్నును త్రాడువలె పేని, చుట్టుచుట్టుగా ఒకదానిపై నొకటి పేర్చును. కీళ్లు కనబడకుండ వ్రేళ్లతో అదిమి, సొరబుఱ్ఱ ముక్కతో గీకి పలుచన చేయును. ఆరిన తరువాత నునుపురాతితో రుద్ది మెఱుగు పెట్టును. తెల్లపూత నామె విడిచిపెట్టెను. మన్ను తన సొంతవన్నెతోనే ప్రకాశింపవలెనని ఆమె యెంచుకొన్నది. యక్కా అను ఎడారిమొక్క ఆకును నమలి పీచుతేల్చి కుంచెగా చేసికొనును. ఎఱుపునకు జేగురు, నలుపునకు ఒక జాతి ఆకుకూరను ఉడికించి చిక్కబఱచిన రసమును ఇనుపరాతిపొడితో కలుపును. తుదకు ఆరుబయట గొఱ్ఱెపేడ పిడకలను చుట్టును పేర్చి కాల్చును. గాలి ఒకింత వీచిన చాలు, కుండ మసిబాఱును; లేదా పగులును. నెలదినముల శ్రమ ఒక్క పూటలో పోవచ్చును.

ఆమె కుండలలో వెడల్పైన భుజము కలిగి, బల్లపరుపుగా క్రిందికి అణగినట్లుండి, నడుమ చిన్న మూతి గల పాత్ర మిక్కిలి ప్రసిద్ధము. ప్రాచీన రూపమే యైనను, దానిపై చిత్రించు రెక్కలును ఈకలును ఏ పాతకుండకును అచ్చు నకలు గావు. మొదట ఆమె చూచి వ్రాసెను. పిదప చూడకయే వ్రాసెను. అక్షరములు దిద్దిన బాలుడు కొన్నాళ్లకు సొంతముగ ఉత్తరము వ్రాసినట్లు, పాతవారి గీతలను నేర్చి తన మాట తాను చెప్పెను.

కీర్తి ఆమెను కొండదింపెను. 1905లోను, 1907లోను గ్రాండ్ కాన్యన్ అను మహాలోయ అంచున నున్న హోపీ హౌస్ అను భవనమున ఆమె కుటుంబముతో నివసించి, యాత్రికుల యెదుట కుండలు చేసెను. 1910లో షికాగో నగరపు ప్రదర్శనమునకు పోయెను. రైలుకంపెనీవారి ప్రకటనలలో ఆమె బొమ్మ వెలసెను. వింతజంతువును చూచినట్లు జనులు మూగి చూచుచుండగా, ఆమె తలవంచుకొని మన్ను పేనుచుండెను. ఆమె కుండపై సంతకము లేదు. ఏ కుండ ఆమెదో, ఏది ఆమె కూఁతులదో నిర్ణయింపలేక పండితులు నేటికిని తర్జనభర్జన పడుచున్నారు. ఆ పని వలన వచ్చిన సొమ్ము ఆ యింటికి అన్నమయ్యెను. ఇరుగుపొరుగు స్త్రీలు, హోపీలును టేవాలును, ఆమె త్రోవను అనుసరింపగా, కొండపై అనేకుల యిండ్లకు అదియే జీవనాధారమయ్యెను.

ఇట్లుండగా ట్రకోమా యను నేత్రవ్యాధి ఆమె కన్నులను మెల్లమెల్లగా హరించెను. 1920 ప్రాంతమునకు చూపు దాదాపు పోయెను. చిత్రలేఖనమునకే పేరుపొందిన చేతికి ఇంతకంటె కష్టమేమి కలదు? ఆమె పని మానలేదు. చేతిస్పర్శతోనే కుండను తీర్చి, భుజమును తడవి వంపు చూచుకొని, నునుపు చేసి ప్రక్కన బెట్టెడిది. లెస్సోయు, కూఁతులైన ఆనీ, నెల్లీ, ఫానీలును వానిపై చిత్రములు వ్రాసిరి. లెస్సో ఆమెకంటె ముందుగ మరణించెను. కడపటివరకు ఆమె వ్రేళ్లకు మన్ను అంటియే యుండెను. 1942లో, సుమారు ఎనుబది మూడేండ్ల వయస్సున, నంపేయో పరమపదించెను. ఫానీ 1987వరకు జీవించి తల్లివిద్యను నిలిపెను. మనుమరాండ్రును, మునిమనుమరాండ్రును దానిని చేపట్టిరి. ఆ వంశమున నేటికిని కుండలు చేయువారు కలరు.

1990లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసెను. దానిననుసరించి, మూలవాసుల సమాధులనుండి తీసిన అస్థులను, సమాధివస్తువులను ప్రదర్శనశాలలవారు ఆయా జాతులవారికి తిరిగి యీయవలసియున్నది. చచ్చినవారి సొత్తు ఎవరిది యను ప్రశ్నకు చట్టము ఆలస్యముగ చెప్పిన సమాధానమది. నంపేయో తనకు తెలిసిన సమాధానమును అంతకు వంద యేండ్లముందే చేతలలో చూపెను. పెంకును పెట్టెలో దాచుట ఒక విధము. పెంకునుండి కుండను మరల పుట్టించుట మరియొక విధము.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. సిక్యాట్కి టేవాల ఊరు గాదు, హోపీలది. శరణార్థులై వచ్చిన వారి వంశమున పుట్టిన పిల్ల, ఆశ్రయమిచ్చిన వారి పూర్వవిద్యను బ్రతికించి వారికే తిరిగి యిచ్చినది. అందుకై ఆమె తన యింటిభాషను విడువవలసిన పని లేకపోయెను. కొండపైనున్న రెండు భాషలును ఆమెవే.

మన పూర్వులును ఏ నాయకరాజుల కాలముననో ఈ తమిళదేశమునకు వచ్చిరి. ఇచ్చటి నీరు త్రాగితిమి. ఇచ్చటి భాష నేర్చితిమి. నేర్చుట మన ధర్మము. మేము పొరుగురాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొందుచుండగా, మా తెలుగు విని సహాధ్యాయులు కొందరు నవ్విరి. ఇదెక్కడి తెలుగని అడిగిరి. నాడు మేము సిగ్గుపడి, ఇంటిమాటలను దాచుకొని, వారివలె మాటలాడుట అభ్యసించితిమి. అది పొరపాటని ఇప్పుడు తోచుచున్నది. మన అవ్వలనోట నున్న ఆ మాటలు మా చేతిలోని పెంకులు. వానిని మేమే పారవైచితిమి.

హానోగ్రామమున నేడు టేవాభాష మాటలాడు పిల్లలు తగ్గుచున్నారు. మూడువందల యేండ్లు కాచిన గుంటకు ఇప్పుడు బీట వాఱుచున్నది. ఇంగ్లీషుబడియు, పట్టణపు కొలువులును అందుకు కారణములు. మనయిండ్లలోను అదియే గాలి వీచుచున్నది. కావున బాలబాలికలారా, ఈ సెలవులలో మీకొక చిన్న పని అప్పగించుచున్నాము. మీ యింటిలోని ముసలివారి కడ కూర్చుండి, మీకు తెలియని పది తెలుగుమాటలను అడిగి, వాని అర్థములతో వ్రాసి తెండు. తప్పొప్పుల చింత వలదు. తల్లిదండ్రులారా, పిల్లలు అడిగినపుడు పని యున్నదని పంపివేయకుడు. తెచ్చిన మాటలను తరగతిలో అందరమును కూర్చుండి చదువుకొందము.